ప్యానెల్‌కి వైఫైనా, 4జీ రౌటరా?

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ప్రీహీటర్ టవర్ పైన కంట్రోల్ ప్యానెల్లో ఉండే పీఎల్‌సీ (మిషన్లని నడిపించే చిన్న కంప్యూటర్) కోసం మే నెల ఎండలో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కినోళ్లకే తెలుస్తాది వైర్‌లెస్ ఎందుకో.

వైఫై యాక్సెస్ పాయింట్ అయితే ప్యానెల్లో ఉండే 24 వోల్టుల సప్లై మీదే నడుస్తాది, కింద నిలబడే ప్రోగ్రాం చూసుకోవచ్చు, నెలనెలా రీచార్జ్ గోల లేదు, కాకపోతే ఇనప డబ్బాలో పెట్టి తలుపేస్తే సిగ్నల్ చచ్చిపోతాది, యాంటెన్నా బయటికి తీయాల్సిందే. ఒకసారి సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా కనెక్ట్ కాక గంటసేపు జుట్టు పీక్కున్నా, చూస్తే పీఎల్‌సీ ఐపీ అడ్రస్ 192.168.0లో, నా ల్యాప్‌టాప్‌ది 192.168.1లో, రెండూ వేరే వేరే నెట్‌వర్కులు!

4జీ రౌటర్ అయితే కడపలో ఇంట్లో కూర్చొనే చూడొచ్చు, ఊరికి దూరంగా ఉండే పంప్‌హౌస్‌లకి ఇదే దిక్కు. కానీ మామూలు సిమ్‌కి సాధారణంగా పబ్లిక్ ఐపీ (బయట ఇంటర్‌నెట్ నుంచి నేరుగా చేరే అడ్రస్) రాదు, వీపీఎన్ (ఇంటర్‌నెట్ మీద మన సొంత తాళమేసిన దారి) పెట్టుకోవాల. కొందరు పబ్లిక్ ఐపీ తీసుకుని మోడ్‌బస్ (పీఎల్‌సీతో మాట్లాడే పద్ధతి) వాడే పోర్ట్ 502 తెరిచి వదిలేస్తారు, మామూలు మోడ్‌బస్ టీసీపీలో పాస్‌వర్డ్ అనేదే లేదు సామీ, యాడ కూర్చున్నోడైనా మోటర్ ఆన్ చేసేయొచ్చు, ఆ టైంలో మనోడు బెల్టు మీద చెయ్యి పెట్టుంటే?

టవర్‌కి మాత్రం నా ఓటు వైఫైకే, అదీ చూడ్డానికే, మార్పులు చెయ్యాలంటే మెట్లెక్కాల్సిందే.