హై కాంట్రాస్ట్ 'ట్రూ కలర్స్': డ్రమ్ములకే తొందర, పాటకి కాదు

పని చేసుకుంటూ వినడానికి హుషారైనదేదైనా చెప్పమని ఎవరడిగినా ఈ మధ్య నా నోట్లోంచి వచ్చేది ఒకటే పేరు, హై కాంట్రాస్ట్ అనే మ్యూజిక్ ప్రొడ్యూసర్ చేసిన 'ట్రూ కలర్స్'. 2002 నాటి ఆల్బమ్, కొత్తదేం కాదు. ఇది డ్రమ్ అండ్ బేస్, అంటే పరుగెత్తే డ్రమ్ములూ కింది స్వరాల బరువైన బేసూ కలిసిన ఎలక్ట్రానిక్ మ్యూజిక్. ఆ పేరు అనగానే మనలో చాలామందికి చెవులు చిల్లులు పడే గోలే గుర్తొస్తుంది, ఇది ఆ బాపతు కాదు. పాత సోల్, డిస్కో పాటల వాసన ఉన్న గొంతులు, వాటి వెనక నిండుగా స్ట్రింగ్స్, అన్నిటికీ మించి మొహం మీదకి నవ్వు తెప్పించే ఒక తేలికదనం. ఏడుపు మూడ్‌లో ఉన్నప్పుడు పెట్టుకుంటే కాసేపటికి మీకు తెలియకుండానే వేళ్లు టేబుల్ మీద దరువేస్తుంటాయి.

మా తమ్ముడు మొదటిసారి విని "ఏందన్నా ఇది, ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టినవా?" అన్నాడు. వాడి తప్పు లేదు. ఈ రకం మ్యూజిక్ నిమిషానికి దాదాపు 174 బీట్ల మీద నడుస్తుంది. కానీ ఆ పరుగంతా డ్రమ్ములదే, కింద బేస్ మాత్రం అందులో సగం వేగంతో, 87 దగ్గర, ఏ తొందరా లేనట్టు నడుస్తుంటుంది. చిన్నప్పుడు సంగీతం క్లాసులకి వెళ్లినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పాట మొదటి కాలంలో, డ్రమ్ములు రెండో కాలంలో. కాబట్టి తల బేస్‌తో ఊపండి, డ్రమ్ముల వెంట పడకండి. డ్రమ్ములు పట్టుకోబోతే రెండు నిమిషాల్లో ఆయాసం వస్తుంది, బేస్ పట్టుకుంటే గంట విన్నా అలసట ఉండదు. ఈ ఆల్బమ్ నచ్చడమూ నచ్చకపోవడమూ నా లెక్కలో ఇక్కడే తేలిపోతుంది.

అసలు హైదరాబాద్ వాళ్లకి ఇది కష్టం కాకూడదు. బోనాల్లో, నిమజ్జనంలో తీన్మార్‌కి ఊగిన ఒళ్లు మనవి. పాతబస్తీ పెళ్లి బారాత్‌లో మర్ఫా వినిపిస్తే తెలియనివాళ్ల పెళ్లయినా సరే నిలబడి చూస్తాం, ఆ మర్ఫా కూడా నిజాం కాలంలో అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు మనకిచ్చిన దరువే. డ్రమ్ అండ్ బేస్‌ది కూడా అలాగే దూరం నుంచి వచ్చిన దెబ్బే. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ సోల్ బ్యాండ్ 'ఆమెన్, బ్రదర్' అనే పాటలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా కొట్టిన ముక్క ఒకటుంది, ఏడు సెకన్లు దాటదు. 90ల మొదట్లో ఇంగ్లండ్ కుర్రాళ్లు ఆ ముక్కని స్పీడ్ పెంచి, కోసి, మళ్లీ అతికించి జంగిల్ అనే మ్యూజిక్ తయారు చేశారు, డ్రమ్ అండ్ బేస్ అందులోంచి పుట్టిందే. ఇన్ని వేల పాటలకి పనికొచ్చిన ఆ ముక్క మీద కోల్‌మన్‌కి రాయల్టీ కింద ఒక్క పైసా రాలేదు. సరే, అది వేరే కథ.

మన ఆల్బమ్ దగ్గరికొస్తే, హై కాంట్రాస్ట్ అసలు పేరు లింకన్ బారెట్, వేల్స్‌లోని కార్డిఫ్ అతను. లండన్‌లో 1996లో మొదలైన హాస్పిటల్ రికార్డ్స్ అనే మ్యూజిక్ కంపెనీ ఇతని ఈ మొదటి ఆల్బమ్‌ని తెచ్చింది. ఆ రోజుల్లో ఈ సంగీతంలో చీకటిగా, కర్కశంగా ఉండే ట్రాక్‌లదే రాజ్యం, దానికి ఎదురెళ్లి మెలడీని వెనక్కి తెచ్చినవాళ్లలో ఇతనొకడు. లిక్విడ్ అంటారు ఈ దారిని. ఇందులోని 'రిటర్న్ ఆఫ్ ఫరెవర్' ట్రాక్ వింటే ఆ పేరెందుకో వివరించక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దయచేసి దీన్ని ఫోన్ స్పీకర్లో వినకండి. ఫోన్ స్పీకర్‌కి అంత కింది స్వరాలు పలకవు, బేస్ మొత్తం మాయమై డ్రమ్ములు మాత్రం రేకు డబ్బా మీద వానలా మిగులుతాయి, అప్పుడు మా తమ్ముడు అన్న మాటే మీరూ అంటారు. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్స్ చాలు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో ఆ జనంలో పడే దాకా వింటే బయటి లొల్లి ఏదీ చెవిన పడదు. ఇంకా బాగుండేది కారులో, రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద. నా పాత కారులో ఒక ట్రాక్‌కి బేస్ దిగేసరికి డోర్ పాకెట్‌లో టోల్ కోసం పెట్టుకున్న చిల్లర గలగలమంది, ఆ వెంటే డోర్ ప్లాస్టిక్ ఎక్కడో వదులై జుయ్యిమనడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఆ చప్పుడు లేకుండా వింటే ఏదో తక్కువైనట్టుంది. స్పీడోమీటర్ మీద మాత్రం ఓ కన్నేయండి, డ్రమ్ములు కాలిని యాక్సిలరేటర్ మీదకి తోస్తుంటాయి.

లోపాలు లేవని కాదు. చాలా ట్రాక్‌లు మొదలయ్యాక అసలు విషయానికి రావడానికి టైమ్ తీసుకుంటాయి. డీజేలు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి కలుపుకోవడానికి వదిలిన జాగా అది, ఈ వేగంలో 32 బార్లంటే (ఒక బార్ అంటే నాలుగు బీట్లు) దాదాపు 44 సెకన్లు. క్లబ్బులో అది సుఖమే, పది సెకన్లకే పాట మార్చే అలవాటున్నవాళ్లకి మాత్రం నరకం. సాహిత్యం కోసం వెతికితే నిరాశే, ఒకటి రెండు లైన్లే తిప్పి తిప్పి వస్తాయి. మధ్యలో కొన్ని ట్రాక్‌లు ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఏది ఎక్కడ అయిపోయిందో తెలియదు. పనిలో ఉంటే పర్లేదు, ఊరికే కూర్చుని వింటే మాత్రం విసుగే. ఇంట్లో పెద్దవాళ్లు టీవీ చూస్తుంటే పక్కన స్పీకర్లో పెట్టే సాహసం చేయకండి, అనుభవంతో చెబుతున్నా.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ మిగిలిన ఒక్క మార్కు 2004లో వచ్చిన ఇతని రెండో ఆల్బమ్ 'హై సొసైటీ' కోసం దాచా, దూకుడు కావాలంటే అది వినండి. మొదటిసారైతే మాత్రం 'ట్రూ కలర్స్'తోనే మొదలుపెట్టండి, షఫుల్ ఆఫ్ చేసి.