పాత ఆర్గోకి పుదుపేటలో, ప్యారిస్‌లో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

ఆర్గో లాంటి, నేల మీదా నీళ్ళలోనూ నడిచే ఆరు, ఎనిమిది చక్రాల బండిని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలంటే చెన్నై చాలా మంచి ఊరు. ఒక్కటే షరతు. దుకాణంలో పార్టు పేరు అడిగితే ఏదీ దొరకదు. కొలత చెబితే చాలావరకు అన్నీ దొరుకుతాయి. పాత బళ్ళ పార్టులమ్మే పుదుపేటకి వెళ్ళి "ఆర్గో యాక్సిల్ బేరింగ్ ఉందా" అని అడిగి వట్టి చేతులతో తిరిగొచ్చి, ఈ ఊళ్ళో ఏమీ లేదని తీర్మానించుకోవడం పొరపాటు. అదే బేరింగ్ చెన్నైలోనే ఉన్న ప్యారిస్ కార్నర్‌ బజారులో పిండిమర యంత్రాలకి, కన్వేయర్లకి రోజూ అమ్ముతూనే ఉంటారు.

కారణం ఆ బండి కట్టిన తీరులోనే ఉంది. కెనడాలోని ఒంటారియోలో 1967లో మొదలైన ఆర్గో అయినా, దాని తోటి కంపెనీల బళ్ళైనా లోపల దాదాపు ఒకటే. ప్లాస్టిక్ తొట్టి, మధ్యలో చిన్న ఇంజను, బెల్టు, గేర్‌బాక్సు, అక్కణ్ణించి రెండు పక్కలా చైన్లు. ఒక పక్క చక్రాలన్నీ చైన్లతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఒక పక్కని బ్రేకుతో ఆపితే బండి అటు తిరుగుతుంది. సస్పెన్షన్ లేదు, ఆ పని మెత్తటి టైర్లే చేస్తాయి. అందుకే అరిగేవన్నీ ఫ్యాక్టరీల్లో వాడే మామూలు సరుకే: చైను, స్ప్రాకెట్, ఫ్లాంజ్ బేరింగ్, ఆయిల్ సీల్, బ్రేకు రబ్బర్లు.

బయల్దేరే ముందు చేతిలో మందాలు కొలిచే 150 మిల్లీమీటర్ల వెర్నియర్, బోల్టు మర రకం తేల్చే మరగేజీ, పాత పార్టు ఉండాలి. మరగేజీ ఎందుకంటే ఈ బళ్ళలో బోల్టులు చాలావరకు అంగుళాల్లో ఉంటాయి. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, మన ఎం8 బోల్టు 8. చూపుకి రెండూ ఒకటే. ఎం8 రెండు మరలు ఎక్కుతుంది, మూడో దగ్గర బిగుసుకుపోతుంది. అప్పుడు స్పానర్‌తో బలవంతం చేస్తే అల్యూమినియం కేసింగులో మర మొత్తం చెక్కుకుపోతుంది. ప్యారిస్‌లో యూఎన్‌సీ, యూఎన్‌ఎఫ్ అనే అంగుళాల మర బోల్టులు విడిగా అమ్మే దుకాణాలున్నాయి, అక్కడే తీసుకోవాలి.

ముందు పుదుపేట. ఎగ్మోర్ స్టేషనుకి దగ్గర్లో, కూవం ఒడ్డున, విడదీసిన బళ్ళ గుట్టల మధ్య సందులు. ఇక్కడ కొనదగ్గవి రేడియేటరు, దాని ఫ్యాను, హెడ్‌లైట్లు, వైరింగ్ కనెక్టర్లు, సీట్లు, యాక్సిలరేటరు కేబులు, బ్రాకెట్లకి పనికొచ్చే ఇనుము. నీళ్ళతో చల్లబడే ఇంజనున్న ఆర్గోలో రేడియేటరు పోతే మారుతి 800 రేడియేటరు సరిపోతుంది. అంత చిన్న ఇంజనుకి దాని చల్లదనం చాలు. చూసుకోవాల్సింది పైపుల మందం, బిగించే చోటు. కొనే ముందు ఒక వైపు మూసి, నీళ్ళ తొట్టిలో ముంచి, ఒక బార్ గాలి పట్టించి బుడగలు వస్తున్నాయేమో చూపించమనాలి. అడిగితే చూపిస్తారు. వద్దన్న దుకాణంలో కొనొద్దు.

పుదుపేటలో కొనకూడనివి ఇంకా ముఖ్యం. పాత బేరింగు, పాత సీలు, పాత చైను, బ్రేకు గొట్టాలు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మాస్టర్ సిలిండరు బాడీ తీసుకోవచ్చు గానీ లోపల వేలు పెట్టి తడిమి చూడాలి. గుంటలు తగిలితే కొత్త రబ్బర్లు వేసినా ఫ్లూయిడ్ కారుతూనే ఉంటుంది. బ్రేకుతోనే మలుపు తిరిగే బండి ఇది, నీళ్ళ మధ్యలో బ్రేకు పోతే స్టీరింగు పోయినట్టే. రబ్బరు కప్పులు సైజుని బట్టే దొరుకుతాయి. 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, 5/8 అంటే 15.87. వాటిని కొత్తవే, పేరున్న కంపెనీవే కొనాలి. ఇంజను కొనేట్టయితే నంబరు, కాగితాలు, బిల్లు లేకుండా అడుగు ముందుకి వేయొద్దు.

ఇక ప్యారిస్. లింగిశెట్టి వీధి, తంబుశెట్టి వీధి చుట్టుపక్కల బేరింగులు, చైన్లు, సీళ్ళు అమ్మే దుకాణాలకి నా లెక్కలో పూర్తి మార్కులు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన నంబరు వినగానే ఏ అరలో ఉందో చెప్పేస్తాడు. చాలాచోట్ల తెలుగులో మాట్లాడినా పని జరుగుతుంది. అయితే నంబరు పూర్తిగా చెప్పాలి, సగం చెబితే సగం తప్పు సరుకు వస్తుంది.

చైను సంగతే చూడండి. ఈ బళ్ళలో వాడేది అమెరికన్ కొలత, 50 నంబరు లేదా 60 నంబరు. 50కి ఒక లింకు 15.875 మిల్లీమీటర్లు, 60కి 19.05. మన మార్కెట్లో ఇవే లింకు కొలతలతో బ్రిటిష్ వరస చైన్లు కూడా ఉన్నాయి. 60 నంబరు చైనుని 12ఏ అంటారు, బ్రిటిష్‌ది 12బీ. రెంటికీ లింకు దూరం ఒకటే, కానీ 12ఏ రోలరు మందం 11.91 మిల్లీమీటర్లు, 12బీ రోలరు 12.07. ఆ కాస్త తేడాకే రోలరు స్ప్రాకెట్ పన్ను అడుగుదాకా కూర్చోదు, పైకెక్కి తొక్కుతుంది. త్వరలోనే కిచకిచ మొదలై పళ్ళు వంకర తిరుగుతాయి. "ముప్పావు అంగుళం చైను" అని అడిగితే 12బీ చేతిలో పెట్టే అవకాశం ఎక్కువ. "12ఏ, సింగిల్" అని అడగాలి, దుకాణంలోనే రోలరుకి వెర్నియర్ పెట్టి చూడాలి. మంచి చైను కోసం దూరం వెళ్ళక్కర్లేదు. అంబత్తూరులో తయారయ్యే డైమండ్, కోయంబత్తూరు నుంచి వచ్చే రోలాన్, రెండూ నమ్మకమైన సరుకే.

పాత చైను మార్చాలా వద్దా అన్నది కంటితో తేలదు. చైను విప్పి, కిరోసిన్‌లో కడిగి, బల్ల మీద బిగువుగా లాగి 20 లింకులు కొలవండి. 50 నంబరు కొత్తది 317.5 మిల్లీమీటర్లుంటుంది. 324కి వచ్చిందంటే రెండు శాతం సాగినట్టు, ఇక దాని ఆయుష్షు అయిపోయింది. 60 నంబరుకి కొత్తది 381, పడేయాల్సింది 388.6 దగ్గర. సాగిన చైనుని టెన్షనరుతో ఇంకా ఇంకా బిగిస్తూ పోతే ఒకరోజు పన్ను దాటి గెంతుతుంది, గెంతిన చైను తొట్టి అడుగుని చీల్చేస్తుంది. కొక్కేల్లా వంగిన పాత పళ్ళ మీద కొత్త చైను వేస్తే ఆ డబ్బూ వృథా. చైను, స్ప్రాకెట్ కలిపే మార్చాలి. పొడవు కుదరలేదని సగం లింకు వేయడం వద్దు, ముందుగా తెగేది అదే.

బేరింగుల దగ్గర ఇంకో చిక్కు. యూసీ206 అని అడిగితే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లున్నది ఇస్తారు. యాక్సిలు 1¼ అంగుళం, అంటే 31.75 మిల్లీమీటర్లు అయితే అది ఎక్కదు. అడగాల్సింది యూసీ206-20. ఆ చివరి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 16 అంటే ఒక అంగుళం, 20 అంటే అంగుళంపావు, 24 అంటే అంగుళంన్నర. ఈ ఒక్క కిటుకు తెలిస్తే అంగుళాల బేరింగుల కోసం విదేశాలకి ఆర్డరు పెట్టే పని చాలావరకు తప్పుతుంది.

సీళ్ళ మీద అంకెలు మూడుంటాయి: షాఫ్టు మందం, బయటి మందం, వెడల్పు. అడగాల్సింది రెండు పెదవులున్న టీసీ రకం. నీళ్ళు లోపలికి రాకుండా ఆపాలంటే స్ప్రింగున్న పెదవి బయటికి, అంటే నీళ్ళ వైపుకి ఉండాలి. గేర్‌బాక్సులో ఆయిల్ ఆపే అలవాటుతో మెకానిక్కులు దీన్ని తిరగేసి కొడతారు. అక్కడి నుంచి ప్రతిసారీ తొట్టిలో నీళ్ళే. కొత్త సీలు వేసినా కారుతోందంటే తప్పు సీలుది కాకపోవచ్చు. యాక్సిలు తీసి సీలు కూర్చునే చోట గోటిని యాక్సిలు పొడవు దిశలో గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే పాత సీలు అక్కడ గాడి కొట్టేసిందని అర్థం. చుట్టూ సన్నగా, నిగనిగలాడే గీతలా కనబడుతుంది, అందంగానే ఉంటుంది, నీళ్ళు దూరేది దాని గుండానే. గాడి సన్నదైతే కొత్త సీలుని రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిపి కూర్చోబెడితే చాలు. లోతైతే అంబత్తూరు వెళ్ళాల్సిందే.

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేతు పని చేసేవాళ్ళు చిన్న పనిని చిన్నచూపు చూడరు. అది వాళ్ళ గొప్పతనం. కాకపోతే ఏం చేయాలో మీరే చెప్పాలి. గాడి పడిన చోట వెల్డింగు నింపి తిప్పుతామంటే ఒప్పుకోవద్దు. ముందు వేడి చేయకుండా గట్టి ఉక్కు మీద వెల్డింగు చేస్తే ఆ చోటు పెళుసెక్కి, మొదటి రాయి తగిలినప్పుడే యాక్సిలు విరుగుతుంది. హార్డ్ క్రోమ్ పూసి గ్రైండింగ్ చేయించడమో, సన్నటి స్లీవు తొడిగించడమో సరైన దారి. కొత్త యాక్సిలే చేయించాలంటే ఈఎన్8 రకం ఉక్కు వంగుతుంది, ఇంకా గట్టిదైన ఈఎన్19 అడగండి. పని అయ్యాక డయల్ గేజీ పెట్టించి చూడండి. సీలు చోట 0.1 మిల్లీమీటరుకి మించి ఊగితే తీసుకోవద్దు.

తొట్టి పగుళ్ళకి మాత్రం స్పేరు పార్టుల బజారుతో పని లేదు. ముందు ప్లాస్టిక్ ఏదో తేల్చాలి. అంచు నుంచి గోరంత ముక్క కోసి గ్లాసు నీళ్ళలో వేయండి. తేలితే హెచ్‌డీపీఈ, మునిగితే ఏబీఎస్. ఏబీఎస్ అయితే దాని ముక్కల్నే అసిటోన్‌లో కరిగించి ముద్దలా చేసి అతకొచ్చు. హెచ్‌డీపీఈకి మామూలు జిగురేదీ అంటదు. పడవలకి ఫైబర్ వేసేవాళ్ళు ఇది కూడా వేసేస్తామంటారు, వేస్తారు కూడా, రెండో వారానికి పెంకులా ఊడి చేతిలోకి వస్తుంది. దీనికి కావాల్సింది వేడిగాలి వెల్డింగు. మేడ మీది నీళ్ళ ట్యాంకుల చీలికలు అతికేవాళ్ళు చెన్నైలో పేటకొకరు ఉన్నారు. వాళ్ళకి ఈ పని చేతిలో పని. అతికే కడ్డీ మాత్రం మీరే ఇవ్వండి. వాళ్ళ దగ్గరుండేది ట్యాంకు ప్లాస్టిక్, అది వేరే రకం పాలిథిన్, మెత్తన. కెమికల్స్ వచ్చే 200 లీటర్ల నీలం డ్రమ్ము హెచ్‌డీపీఈయే, దాని నుంచి సన్నటి పట్టీలు కోస్తే సరైన కడ్డీ తయారు. పగులు రెండు చివర్లా 4 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, లేకపోతే పగులు ముందుకి పాకుతుంది. తర్వాత వీ ఆకారంలో చెక్కి, ఎండకి చచ్చిన పై పొరని కత్తితో గీకేసి, 270 నుంచి 300 డిగ్రీల గాలితో కడ్డీ, తొట్టి రెండూ ఒకేసారి మెరిసేలా కరిగినప్పుడు నొక్కాలి. ఒకటి మాత్రమే కరిగితే అది అతుకు కాదు. ఈ పనికి ముందు పెట్రోలు ట్యాంకు తీసేయడం తప్పనిసరి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, తొట్టి అడుగున చెరువులా నిలుస్తుంది.

అతుకు పరీక్షకి బండిని స్టాండ్ల మీద ఎత్తి, తొట్టిలో పది సెంటీమీటర్ల నీళ్ళు పోసి కింద ఎక్కడ తడుస్తోందో చూడొచ్చు. రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు తొట్టిలో అది 250 కిలోలు అదనం, స్టాండ్లు అంత మోయాలి. యాక్సిలు సీళ్ళని మాత్రం ఇలా నిర్ధారించలేం. వాటి పెదవి బయటికి ఉంది గనక లోపలి నీళ్ళని ఆపదు.

నీళ్ళు తోడే పంపు కాసిమేడు చేపల రేవు దగ్గర పడవ సామాన్లమ్మే చోట చూసుకోవాలి. 12 వోల్టులది, గంటకి 500 గ్యాలన్లది చాలు, అంటే నిమిషానికి సుమారు 31 లీటర్లు. ఆ అంకె పైపు ఎత్తు లేనప్పటిది, వాస్తవంలో తగ్గుతుంది. పైపు నోరు నీటి మట్టానికి బాగా పైన పెట్టాలి, కిందుంటే పంపు ఆగగానే నీళ్ళు వెనక్కి లాగుతాయి. బిగించే స్క్రూలు 316 స్టీలువే కావాలి, ముత్తుకాడు వైపు ఉప్పునీళ్ళలో దింపే ఆలోచన ఉంటే మరీను. పులికాట్ పక్షుల అభయారణ్యం, అటు వెళ్ళకండి. సొంత చెరువో, అనుమతి ఉన్న నీళ్ళో చూసుకుని లారీ మీద తీసుకెళ్ళడమే పద్ధతి. నీళ్ళ నుంచి వచ్చిన ప్రతిసారీ ప్రతి బేరింగు నిపుల్‌కీ కొత్త గ్రీజు బయటికి కనబడేదాకా పంపు కొట్టాలి, లోపలి తడిని తోసేది అదే. ఇప్పుడు బంకుల్లో వచ్చే, ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు తేమ పీలుస్తుంది, నెల పైన నిలబెట్టే బండిలో కార్బురేటరు ఖాళీ చేసి పెట్టండి.

చెన్నై ఇవ్వలేనివి రెండే. మొదటిది డ్రైవ్ బెల్టు. స్కూటీ బెల్టులా కనబడుతుంది గానీ పై వెడల్పు, పక్కల వాలు వేరు. దాన్ని వేస్తే బండి కదులుతుంది, బురదలో బరువు పడగానే జారి కాలిపోతుంది. రెండోది టైర్లు. ఒక పక్క చక్రాలన్నీ చైనుతో కట్టి ఉన్నాయి గనక ఒకటి పెద్దదైనా చైన్లు ఒకదాన్నొకటి లాగి తెంపుకుంటాయి. అందుకే సైజు అంకె ఒకటైతే చాలదు, గాలి పట్టాక టేపుతో చుట్టుకొలత కొలిచి, పక్కపక్కకి సరిపోయేవే వేయాలి. గాలి రెండు మూడు పీఎస్ఐ ఉంటే చాలు. పెట్రోలు బంకు గేజీకి అది కనబడదు కాబట్టి తక్కువ ఒత్తిడి గేజీ విడిగా కొనుక్కోవాలి. ఈ రెంటినీ విదేశం నుంచే తెప్పించాలి. బెల్టు తెప్పించేటప్పుడు పాత బెల్టు పై వెడల్పు, బయటి చుట్టుకొలత రాసుకుని, ఒకేసారి రెండు తెప్పించండి. రెండోదాన్ని మడత పెట్టకుండా, ఎండ తగలని చోట గుండ్రంగా వేలాడదీయండి.