రెండు అద్దాల యూపీవీసీ కిటికీలు: హారన్ మోత కురచైంది, ఇంజను గురగుర మిగిలింది

విశాఖలో ఎన్‌ఏడీ కూడలి నుంచి గాజువాక వెళ్లే రహదారి పక్కన, సిగ్నల్‌కు ఎదురుగా ఉన్న మా పడకగదికి ఈ మధ్య రెండు అద్దాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చట్రం) కిటికీలు పెట్టించాము. శబ్దమంతా బయటే ఆగిపోతుందన్న దుకాణదారు మాట నిజం కాలేదు గానీ, డబ్బు వృథా అయిందని మాత్రం అనను.

పాత చెక్క కిటికీ ఉన్న రోజుల్లో లారీల ఎయిర్ హారన్ ఎంతకీ ఆగేది కాదనిపించేది. ఇప్పుడు అదే మోత చప్పున ముగిసినట్టు తోస్తోంది. కిటికీ తీవ్రతను తగ్గించగలదే తప్ప నిడివిని కాదు. అయితే సమానమైన నిడివి గల రెండు ధ్వనులలో గట్టిగా ఉన్నదే ఎక్కువసేపు సాగినట్టు అనిపిస్తుందనీ, దగ్గరవుతున్న బండి చప్పుడులా క్రమంగా పెరిగే ధ్వని, క్రమంగా తగ్గే ధ్వని కంటే దీర్ఘంగా తోస్తుందనీ ప్రయోగాలలో తేలింది. దూరం నుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చే లారీకి ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్‌లు. అది సగటు లెక్క కాబట్టి, నిద్ర చెడగొట్టే ఒక్క హారన్ అందులో కలిసిపోతుంది.

సిగ్నల్ దగ్గర ఆగిన లారీ ఇంజను గురగుర మాత్రం దాదాపు అలాగే వినిపిస్తోంది, ఎందుకంటే తక్కువ పౌనఃపున్యపు ధ్వనిని పలుచని అద్దాలు అంతగా ఆపలేవు. చప్పుడుతో నిండిన వ్యవధి నిశ్శబ్దమైన వ్యవధి కంటే పొడుగ్గా అనిపించడం మన వినికిడి స్వభావం కాబట్టి, ఆ ఎర్రదీపం ఎంతకీ మారదనిపిస్తుంది.

బిగింపు పని నాకు నచ్చలేదు. అగరుబత్తి వెలిగించి చట్రం చుట్టూ తిప్పితే, కింది మూలలో పొగ వంకరపోయింది. ఆ సన్నని సందును సిలికాన్‌తో పూడ్పించాక తేడా వెంటనే తెలిసింది. పక్కకు జరిపే రకంలో పట్టాల దగ్గర ఇలాంటి సందులు తప్పవు కనుక, గడియ వేయగానే రబ్బరు అంచు నొక్కుకుపోయే, తలుపులా తెరుచుకునే రకమే తీసుకోవాలి. ఉప్పుగాలికి యూపీవీసీకి తుప్పు భయం లేదు గానీ, మడతబందులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా అని అడగడం మంచిది.

మూసి ఉంచితేనే ఫలితం కాబట్టి, విశాఖ ఉక్కపోతలో ఏసీ లేని గదికి వీటిని సిఫార్సు చేయను.