తాతయ్య పుట్టిన ఏడాది కోసం వేటపాలెం వెళ్లాం

మా తాతయ్య స్కూలు సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం 1919 అని ఉంది. ఇంట్లో మాత్రం ‘రామనగర్ పాకలో, కార్తీకంలో పుట్టాడు’ అనే చెప్పుకునేవారు. రామనగర్ అంటే 1921లో చీరాల జనం పన్నుకు ఎదురుతిరిగి, ఊరు వదిలి వేసుకున్న పాకల ఊరు. అందుకే రెండూ పొసగవు. అదేదో తేల్చుకుందామని బాబాయి, నేను బయల్దేరాం.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చీరాల. స్టేషన్ దగ్గరే లాడ్జిలో దిగాం. ఏసీ గది అన్నారు గానీ అది చల్లబడనే లేదు, వేణ్ణీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. డెబ్బై దాటిన బాబాయికి కష్టమైంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గది చూశాకే డబ్బు కట్టండి. రామాపురం బీచ్ రిసార్టులు సరదాకి బాగుంటాయి, ఈ పనికైతే చీరాలే నయం.

అక్కణ్ణుంచి వేటపాలేనికి ఆటోలో వెళ్లాం. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఇక్కడే ఉంది. 1929లో గాంధీజీ వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ దాచి ఉంచారు. బాబాయి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. మేం వచ్చింది మాత్రం పాత పత్రికల కోసం.

బైండు తెచ్చి బల్ల మీద పెట్టారు. కాగితం టీ రంగుకి తిరిగింది. అంచు తాకితే అప్పడంలా పెళుసుగా విరిగి, పొడి వేలికి అంటుకుంటోంది. ‘అంచు పట్టుకోకండి బాబాయిగారూ, కింద అరచెయ్యి పెట్టి తిప్పండి’ అని అక్కడి ఆయన చేసి చూపించారు. ఒక్క పేజీకీ తొందరపెట్టలేదు. అంత ఓపికగా సాయం చేసేవాళ్లు దొరకడం మా అదృష్టం.

ఆ రోజుల కథ ఇదీ. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేశాక ఏడాదికి 4 వేల రూపాయలున్న ఊరి మొత్తం పన్ను 40 వేలైంది. స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్లు వదిలేసి, ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. అదే రామనగర్. 1921 వేసవి నుంచి దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. మాది నేత కుటుంబం. గుంట మగ్గాన్ని పాకలోకి మోసుకుపోలేరు కదా, ఆ నెలలు ఏం తిన్నారో!

మా వాళ్ల పేరు ఎక్కడా కనబడలేదు. బాబాయి ముఖం చిన్నబోయింది. కాసేపాగి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. వేసవి నుంచి 11 నెలలంటే మధ్యలో వచ్చే కార్తీకం ఒక్కటే. దుర్మతి నామ సంవత్సరం, 1921. ఇంట్లోవాళ్ల మాటే నిజం, సర్టిఫికెట్‌లో వయసు రెండేళ్లు ఎక్కువ వేశారు.

వెళ్లాలనుకుంటే గ్రంథాలయం వేళలు ముందే కనుక్కోండి, ఏ ఏడాది పత్రిక కావాలో రాసుకుని వెళ్లండి. ఒక్క పూట చాలదు. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు కొనుక్కున్నాం, తాజాగా ఉంది.

రైల్లో కూర్చోగానే బాబాయి మా అత్తయ్యకి ఫోన్ చేశాడు. ‘అక్కా, నాన్న పుట్టింది రామనగర్ పాకలోనే’ అన్నాడు. ఆ తర్వాత గొంతు పెగల్లేదు, ఫోన్ నాకిచ్చాడు.