థ్యాంక్‌ఫుల్: పోటీలో గెలిచిన గొంతు, పాట కోసం వెతుకులాట

గత నెలలో డాలస్ శివారులోని ఒక పాత పుస్తకాల దుకాణంలో ‘అమెరికన్ ఐడల్’ అనే టీవీ పాటల పోటీలో గెలిచిన అమెరికన్ గాయని కెల్లీ క్లార్క్‌సన్ తొలి ఆల్బమ్ ‘థ్యాంక్‌ఫుల్’ సీడీ నాకు నాలుగు డాలర్లకు దొరికింది. పెట్టె మూత మీద సన్నని పగులు ఒకటి ఉన్నా డిస్కు మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు. ఈ పాటలను నేను మొదట విన్నది హైదరాబాదులో ఇంజనీరింగు చదువుకుంటున్న రోజుల్లో. స్నేహితుడు ఎంపీత్రీ సీడీలో నింపి ఇచ్చిన రెండు వందల పాటల మధ్య ఇవి అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండేవి కనుక, ఏ పాట తరువాత ఏ పాట రావాలో నాకు తెలిసే అవకాశమే లేకపోయింది. ఇన్నేళ్లకు పన్నెండు పాటలనూ కంపెనీ పేర్చిన వరుసలో, మధ్యలో ఆపకుండా, మూడుసార్లు విన్నాను. టెలివిజన్ పోటీ ఒక గాయనికి ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో ఆ వరుసే నాకు చెప్పింది.

ఈ సీడీని అంచనా వేయాలంటే దాని వెనుక ఉన్న కథ తెలిసి ఉండాలి. కెల్లీ 1982 ఏప్రిల్ 24న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టి, ఆ నగరానికి దక్షిణాన ఉన్న బర్ల్‌సన్ అనే చిన్న ఊరిలో పెరిగింది. బడి వరండాలో ఆమె తనలో తాను పాడుకుంటూ ఉండగా విన్న ఉపాధ్యాయురాలు ఆమెను బృందగానంలో చేర్చుకున్నారు. చదువు ముగిశాక అవకాశాల కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లింది. అక్కడ అద్దెకుంటున్న ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోవడంతో తిరిగి సొంత ఊరికి చేరుకుని, చిన్నాచితకా ఉద్యోగాలతో రోజులు గడుపుతూ ఉన్న సమయంలో డాలస్‌లో ‘అమెరికన్ ఐడల్’ ఆడిషన్లు జరిగాయి. బ్రిటన్‌లో 2001లో మొదలైన ‘పాప్ ఐడల్’ను అనుసరించి ఫాక్స్ ఛానల్ 2002 జూన్ 11న ప్రారంభించిన ఆ కార్యక్రమం అప్పటికి ఎవరికీ తెలియదు. గెలిస్తే పేరు వస్తుందన్న హామీ కూడా లేని తొలి పోటీ అది. సైమన్ కోవెల్, పౌలా అబ్దుల్, రాండీ జాక్సన్ న్యాయనిర్ణేతలు. సెప్టెంబరు 4న జరిగిన తుది ఘట్టాన్ని రెండు కోట్ల మందికి పైగా ప్రేక్షకులు చూశారు. పోలైన ఓట్లలో 58 శాతం కెల్లీకి, మిగిలినవి ఆమెతో తుది పోటీలో నిలిచిన జస్టిన్ గ్వారీనికి వచ్చాయి. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

ఆ రాత్రి ఆమె పాడిన విజయగీతం ‘ఎ మూమెంట్ లైక్ దిస్’ ఈ సీడీలో పదకొండో పాటగా ఉన్నది. సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదలైనప్పుడు ఇది అమెరికాలో పాటల ఆదరణను వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఒక్క వారంలో 52వ స్థానం నుంచి ఒకటో స్థానానికి ఎగబాకి, 1964లో బీటిల్స్ 27 నుంచి ఒకటికి చేరి నెలకొల్పిన రికార్డును దాటింది. ఆ సంఖ్యల మీద నాకు గౌరవం ఉన్నది, కాని పాట మీద అంత ప్రేమ లేదు. కారణం పాట పుట్టిన తీరులోనే ఉన్నది. తుది ఘట్టానికి చేరిన ఇద్దరూ, అంటే ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఇదే పాటను పాడారు. ఎవరు గెలిస్తే వారి పేరున విడుదల చేసేందుకు సిద్ధం చేసిన పాట ఇది. మనిషి ఎవరో తెలియక ముందే కుట్టి ఉంచిన చొక్కా అందరికీ కొంత వదులుగా, కొంత బిగువుగా ఉన్నట్టే, ఈ పాటలోని మాటలు ఎవరి నోటికైనా సరిపోతాయి, ఎవరి జీవితానికీ అంటుకోవు. గెలుపు ప్రకటించాక వేదిక మీద ఆమె కన్నీళ్లతో దానిని పాడినప్పుడు గొంతు తడబడిన చోట్లలోనే పాటకు ప్రాణం వచ్చింది. సీడీ కోసం మళ్లీ మిక్స్ చేసిన ఈ రూపంలో ఆ తడబాటు లేదు, అందువల్ల ఆ ప్రాణమూ లేదు. పన్నెండో పాట ‘బిఫోర్ యువర్ లవ్’ కూడా ఇదే సందర్భానికి తయారైనది. దాని గురించి వేరుగా చెప్పవలసింది ఏమీ లేదు.

తక్కిన పది పాటలే అసలు విషయం. పోటీ జరిగిన వారాలలో ఒక్కో వారానికి ఒక్కో శీర్షిక ఉండేది. ఒక వారం మోటౌన్ అనే రికార్డింగ్ కంపెనీ పాటలు, మరొక వారం అరవైల దశకం, తరువాత డెబ్బైల దశకం, ఇంకొక వారం బిగ్ బ్యాండ్ (పెద్ద వాద్యబృందంతో సాగే జాజ్ శైలి), ఆపైన స్వరకర్త బర్ట్ బాకరాక్ పాటలు. ఏ శైలి ఇచ్చినా పాడగలిగినవారే చివరి వరకు మిగిలారు. బిగ్ బ్యాండ్ వారంలో కెల్లీ పాడిన పాట, తుది ఘట్టంలో సోల్ గాయని అరెథా ఫ్రాంక్లిన్ పాట ‘రెస్పెక్ట్’ను ఎత్తుకున్న తీరు ఆమెకు ఆ సామర్థ్యం ఎంత సహజంగా అబ్బిందో చూపించాయి. కాని వేదిక మీద గుణమైనదే ఆల్బమ్‌లో లోపంగా మారింది. ‘థ్యాంక్‌ఫుల్’ను వరుసగా వింటుంటే పోటీ ఇంకా ముగియలేదేమోనని, ప్రతి పాటా మరొక శీర్షిక వారమేనని అనిపిస్తుంది. మొదటి పాట ‘ద ట్రబుల్ విత్ లవ్ ఈజ్’ చర్చి గానం ఛాయ ఉన్న సోల్ సంగీతం; రెండోది ‘మిస్ ఇండిపెండెంట్’ ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) తాళాల మీద నడిచి పల్లవిలో గిటారుతో విరుచుకుపడుతుంది; మూడోది ‘లో’ తిన్నని రాక్; నాలుగోది ‘సమ్ కైండ్ ఆఫ్ మిరకిల్’ నెమ్మదిగా సాగే ప్రేమగీతం. నాలుగు పాటల్లో నాలుగు వాకిళ్లు తెరిచారు గాని, ఏ ఇంట్లోనూ కాసేపు కూర్చోనివ్వలేదు.

దోషం ఆమె గొంతుది కాదని గట్టిగా చెప్పాలి. తారస్థాయికి వెళ్లినప్పుడు ఆ గొంతు సన్నబడదు, పిండినట్టు వినిపించదు. ఛాతీలోని బలం అక్కడి దాకా వెంట వస్తుంది. మంద్రంలో ఒక రకమైన గరుకుదనం ఉన్నది, దానిని ఆమె దాచుకోదు. ‘ద ట్రబుల్ విత్ లవ్ ఈజ్’ చివరి భాగంలో బృందం ఒక మాటను పట్టి ఉంచగా ఆమె దాని చుట్టూ అల్లుకుంటూ పోయే చోట, మన కచేరీల్లో నెరవల్ వినే చెవికి వెంటనే ఆనందం కలుగుతుంది. పద్ధతులు వేరైనా, ఒకే మాటను పలు విధాల పలికి దాని అర్థాన్ని వెలికితీయాలన్న తపన ఒక్కటే. ఈ పాట రచనలో కెల్లీకి కూడా భాగం ఉన్నది, అది వినికిడిలో తెలుస్తుంది.

సీడీకి గుండెకాయ ‘మిస్ ఇండిపెండెంట్’. గాయని క్రిస్టినా అగిలేరా, నిర్మాత రెట్ లారెన్స్ కలిసి మొదలుపెట్టి అసంపూర్ణంగా వదిలిన పాటను కెల్లీ పూర్తి చేసింది, అందుకే రచయితల జాబితాలో ఇద్దరు గాయనుల పేర్లూ ఉన్నాయి. ఎవరి మీదా ఆధారపడను అని నిలబడిన యువతి ప్రేమలో పడేందుకు భయపడి, చివరకు ఆ భయాన్ని దాటడం దీని కథ. చరణాలలో గొంతును అదుపులో ఉంచి, మాటలను కత్తిరించినట్టు పలికి, పల్లవికి వచ్చేసరికి ఒక్కసారిగా వదిలేయడం వల్ల ఆ కథ మాటల్లోనే కాక గానంలోనూ జరుగుతుంది. పోటీలో పాడిన ఏ పాటలోనూ ఆమెకు ఈ అవకాశం రాలేదు. ఆ రెండు విజయగీతాలు తప్ప అవన్నీ ఇతరులు పాడి మెప్పించిన పాటలు కనుక మూలంతో పోలిక తప్పేది కాదు. ‘లో’, ‘జస్ట్ మిస్డ్ ద ట్రెయిన్’ పాటలలోనూ ఆ విడుదల వినిపిస్తుంది. గిటార్లు ముందుకు వచ్చి వాద్యసహకారం తేలికైనప్పుడు ఆమె గొంతు తన చోటును తానే వెతుక్కుంటుంది. ఆమె ఏ దారిన వెళ్లాలో ఈ రెండు పాటలే చెప్పాయని, 2004 నవంబరులో వచ్చిన రెండో ఆల్బమ్ ‘బ్రేక్‌అవే’ ఆ మాటను విన్నదని నా అభిప్రాయం. అందులోని ‘సిన్స్ యు బీన్ గాన్’కు గ్రామీ సంగీత పురస్కారం వచ్చినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

నన్ను బాధపెట్టిన పాట ‘బ్యూటిఫుల్ డిజాస్టర్’. తనను తాను పాడుచేసుకుంటున్న మనిషిని ప్రేమించి, అతడిని నిలబెట్టలేక, వదలనూ లేక నలిగిపోయే స్త్రీ మాటలు అవి. ఇంత మంచి రచన మీద యంత్రాల తాళాలు, ఎలక్ట్రానిక్ ధ్వనులు దట్టంగా పరచి గొంతును వెనక్కు నెట్టారు. ఇదే పాటను ఆమె వేదిక మీద పియానో తోడుగా పాడిన రూపం ‘బ్రేక్‌అవే’ చివర ఉన్నది. రెండింటినీ వెంట వెంటనే విని చూడండి. రెండోదానిలో మాటకు మాటకు మధ్య ఆమె తీసుకునే ఊపిరి కూడా అర్థవంతంగా వినిపిస్తుంది. అదే గాయని, అదే స్వరం, అవే మాటలు. మారినదల్లా నిర్మాతలకు ఆ గొంతు మీద కుదిరిన నమ్మకం. తొలి ఆల్బమ్ నాటికి అది ఇంకా కుదరలేదు.

పోటీలో నాలుగో స్థానంలో నిలిచిన టమీరా గ్రేతో కలిసి పాడిన ‘యు థాట్ రాంగ్’ గురించి ఒక మాట. పాటగా అది సాధారణమే. కాని వారం వారం ఒకరినొకరు దాటవలసి వచ్చిన ఇద్దరు ఇక్కడ ఒకరి వాక్యాన్ని మరొకరు అందుకుని పూర్తి చేయడం వినసొంపుగా ఉన్నది.

మన దగ్గర ఈటీవీలో 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టినప్పటి నుంచి ఇటువంటి వేదికలు మనకు కొత్త కాదు. అక్కడ ఒత్తు సరిగా పలకకపోయినా, సంగతి జారినా ఆయన ఆపి, పాడి చూపి, దిద్దేవారు. ఆ దిద్దుబాటు ఎందరికో చదువైంది. అయితే మన పోటీలలో రాణించిన వారికి ఎదురుగా ఉండేది సినిమా నేపథ్యగానం. పాట పాత్రది, ముఖం నటిది, గాయని పేరు క్యాసెట్టు వెనుక చిన్న అక్షరాలలో ఉండేది. స్మిత వంటి ఒకరిద్దరు సొంత పాప్ ఆల్బమ్‌ల దారి పట్టారు గాని, అది రహదారి కాలేదు. అమెరికాలో గెలిచిన అమ్మాయికి అటువంటి నీడ లేదు. సీడీ మీద ఆమె ముఖమే, ఆమె పేరే ఉంటాయి కనుక, ‘నేను ఫలానా’ అని మొదటి ఆల్బమ్‌తోనే చెప్పుకోవలసి వచ్చింది. ‘థ్యాంక్‌ఫుల్’ 2003 ఏప్రిల్ 15న విడుదలయ్యేనాటికి ‘అమెరికన్ ఐడల్’ రెండో పోటీ టీవీలో నడుస్తూనే ఉన్నది, మే నెలలో మరొక విజేత రానున్నాడు. అటువంటి తొందరలో వచ్చిన ఆల్బమ్ మొదటి వారమే బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో ఒకటో స్థానంలో నిలవడానికి టీవీ కారణం కావచ్చు; ఇరవై ఏళ్లు దాటాక నేను నాలుగు డాలర్లు పెట్టి కొనుక్కోవడానికి మాత్రం గొంతే కారణం.

కొనదలచిన వారికి నా సలహా. ఫోనులో విడివిడిగా వినడం కంటే డిస్కును మంచి హెడ్‌ఫోన్లతో వినండి, మంద్రంలో ఉన్న ఆ గరుకుదనం అప్పుడే తెలుస్తుంది. పాత సీడీలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి కనుక కొత్తదాని కోసం ఎక్కువ ఖర్చు పెట్టనక్కరలేదు. కెల్లీని ఇంతకు ముందు వినని వారు ‘బ్రేక్‌అవే’తో మొదలుపెట్టి, ఆ తరువాత దీనికి రావడం మంచిది. నేనైతే రెండో పాట నుంచి మొదలుపెడతాను, మూడు, ఆరు సంఖ్యల పాటలను (‘లో’, ‘జస్ట్ మిస్డ్ ద ట్రెయిన్’) రెండేసిసార్లు వింటాను, పదో పాట ‘ఎనీటైమ్’ ముగియగానే డిస్కును తీసి పెట్టెలో పెట్టేస్తాను. విజయగీతం వినాలనిపించిన రోజున 2002 సెప్టెంబరు నాటి వీడియోను వెతికి, ఆమె గొంతు పూడుకుపోయి పాట ఆగబోయిన ఆ చోటును చూస్తాను.