ఆరు డిస్కుల్లో మనం మర్చిపోయిన దర్శకురాళ్లు

పాత సినిమాల డిస్కులు విడుదల చేసే అమెరికా కంపెనీ కినో లోర్బర్ వాళ్లు 2018లో తెచ్చిన 'పయనీర్స్: ఫస్ట్ విమెన్ ఫిల్మ్‌మేకర్స్' సెట్ చూడటం పూర్తయింది. ఆరు డిస్కులు, అన్నీ అమెరికాలో ఆడవాళ్లు తీసిన పాత సినిమాలు, ఎక్కువ భాగం మూకీలే. ధర ఎక్కువే, అయినా కొనండి.

ముందు 1913 నాటి 'సస్పెన్స్' చూడండి. పది నిమిషాల సినిమా, లోయిస్ వెబర్ తన భర్త ఫిలిప్స్ స్మాలీతో కలిసి తీసింది. ఇంట్లో పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి, లోపలికి దూరుతున్న దొంగ, ఫోన్‌లో భర్త, ఈ ముగ్గుర్నీ తెరను మూడు ముక్కలు చేసి ఒకేసారి చూపిస్తుంది! దొంగ మెట్లెక్కి నేరుగా కెమెరా మీదికి వస్తుంటే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఇలాంటి ఆవిడ పేరు ఆ కాలపు ప్రముఖ అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ పేరు విన్నంతగా ఎందుకు వినలేదో అని బాధేసింది.

ఈ సెట్‌లోని ఇంకో దర్శకురాలు ఆలిస్ గీ ఫ్రాన్స్‌లో 1896లోనే దర్శకత్వం మొదలుపెట్టి, తర్వాత అమెరికాలో సొంత స్టూడియో నడిపింది. ఆవిడ తీసిన ఒక సినిమాలో, చివరి ఆకు రాలేలోపు అక్క చనిపోతుందని విని చెల్లెలు ఆకుల్ని దారంతో చెట్టుకు కట్టే సీన్ దగ్గర ఏడ్చేశాను.

కొన్ని రీళ్లు బాగా పాడైపోయాయి, బొమ్మ మధ్యలో కరిగిపోయినట్టు మరకలు కనిపిస్తాయి. అయినా ఇవి మిగిలాయి. మన రఘుపతి సూర్యప్రకాశ్ 1921లో తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' చూద్దామంటే ప్రింటే లేదు.