ఒపినెల్ నంబర్ 8: ఆరేళ్ళు జేబులో పెట్టుకు తిరిగాక

ముందే చెప్పేస్తాను, ఈ కత్తికి వానంటే పడదు. అయినా ఆరేళ్ళుగా నా జేబులోంచి దిగలేదు. నా దగ్గర ఉన్నవి రెండు. 2019లో కొన్నది కార్బన్ ఉక్కుది, రెండేళ్ళ తర్వాత కొన్నది స్టెయిన్‌లెస్‌ది. రెండూ ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ కంపెనీ మడత కత్తులే, సైజు నంబర్ 8. మొదటిది పదిహేను వందలకు కాస్త అటూ ఇటూగా పడింది, రెండోది రెండు వేలకు దగ్గరగా.

నేను కత్తితో ఏం పని చేస్తానో చెప్పకపోతే మిగతాదంతా గాలిలో మాటలే అవుతుంది. అనకాపల్లికి కాస్త లోపలగా మాకు మూడెకరాల తోట ఉంది, సగం మామిడి, సగం జీడి. ఉద్యోగం విశాఖలో. శనివారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రికి తిరిగొస్తాను. చిక్కం తాడు తెగితే కొత్తది కోసి కట్టడం, డ్రిప్ పైపు కోసి జాయింటు వేయడం, ఎరువు బస్తా మూతి విప్పడం, మధ్యాహ్నం ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తరగడం, జామకాయ కోసుకోవడం, ఇంతే. కొమ్మలు కొట్టడానికి పెద్ద కత్తీ కొడవలీ వేరే ఉన్నాయి. మడత కత్తితో కొమ్మ నరకాలనుకునేవాళ్ళకి ఈ సమీక్ష పనికిరాదు.

దీనికి ముందు మూడు కత్తులు పాడుచేశాను. మొదటిది రోడ్డు పక్కన దుప్పటి పరిచి అమ్మే చోట రెండొందల యాభైకి కొన్న నల్ల కత్తి. చూడ్డానికి సినిమాలో విలన్ చేతిలో ఉండేదిలా ఉండేది. మీట నొక్కితే టప్‌మని తెరుచుకునేది. మూడో నెలలో పిడి స్క్రూ ఎక్కడో రాలిపోయింది, ఆ తర్వాత లాక్ కుదురుగా నిలిచింది లేదు. రెండోది అదే జాతి, కాస్త బరువు ఎక్కువ. మూడోది మాత్రం మంచిదే, విక్టోరినాక్స్ వాళ్ళ చిన్న ఎర్రది, స్నేహితుడు ఇచ్చాడు. కత్తెర, ఓపెనరు, పళ్ళపుల్ల అన్నీ ఉన్నాయి. కానీ ఆ సైజులో బ్లేడుకు లాక్ ఉండదు, పిడి కూడా నా అరచేతికి చాలదు. పైపు కోయాలంటే భయంగా ఉండేది. దాన్ని పాడుచెయ్యలేదు, బస్సులో పోగొట్టుకున్నాను.

ఒపినెల్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకుంటే ఇంత డబ్బు దేనికి పెట్టానా అనిపిస్తుంది. బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన గుండ్రటి పిడి, దానికో గాడి, అందులోకి మడిచే బ్లేడు, మెడకో స్టీలు రింగు. మొత్తం ఇంతే. బరువు యాభై గ్రాములు కూడా ఉండదు. తోట చూసే తాత దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేటి బాబూ, పెన్సిలు సెక్కుకోడానికా?" అన్నాడు. నాకూ కాస్త అలాగే అనిపించింది కాబట్టి ఊరుకున్నాను.

ఆల్ప్స్ కొండల్లో సవోయ్ అనే ప్రాంతం ఉంది. జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో అక్కడి రైతుల కోసం దీన్ని మొదలుపెట్టాడు. రొట్టె కోసుకోవడం, జున్ను కోసుకోవడం, పుల్ల చెక్కడం వాళ్ళ అవసరం. ఆ సంగతి తెలిసాక బ్లేడు అంత పల్చగా ఎందుకుందో అర్థమైంది. మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దుకాణంలో చూసినప్పుడు ఇదే లోపం అనుకుంటాం. తోటలో ఇదే దీని గొప్ప. మందం బ్లేడుతో ఉల్లిపాయ కోస్తే ముక్క సగంలో ఫట్‌మని చీలుతుంది. దీంతో పొరలు పొరలుగా వస్తుంది. పదహారు మిల్లీమీటర్ల డ్రిప్ పైపును ఒక్క లాగుతో తిన్నగా కోస్తుంది, కొస వంకర పోదు, జాయింటు కారదు. నైలాను తాడు కూడా అంతే. నా పాత నల్ల కత్తులు తాడును కోసేవి కావు, నమిలేవి.

ఇక కార్బన్ ఉక్కు కథ. ఇందులో దాదాపు 0.9 శాతం కార్బన్ ఉంటుంది, చాలా తేలిగ్గా పదునెక్కుతుంది. బాగుంది కదా అని కొన్న వారానికే పచ్చి మామిడికాయ కోశాను. పది నిమిషాల్లో బ్లేడు నీలి నలుపుకు తిరిగింది. ముక్కల అంచులకు కూడా బూడిదరంగు చార పట్టింది. ఉప్పూ కారం జల్లి ఇస్తే అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఏటిరా ఇది, మేకు నాకినట్టుంది" అంది. మామిడి, నిమ్మ, చింతకాయ, ఏ పులుపు తగిలినా ఇంతే. పులుపుకు ఇనుము కరిగి పైన నల్లటి పొర కడుతుంది. ఆ పొర కట్టడం ఒక రకంగా మంచిదే, తర్వాత తుప్పు కాస్త నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తుందంతే, ఆగదు. విశాఖ ఉప్పుగాలిలో ఒక వారం తడి గుడ్డతో పాటు సంచిలో మరిచిపోతే ఎర్రటి చుక్కలు తేలాయి. వాడిన ప్రతిసారీ తుడిచి ఒక చుక్క నూనె రాసే ఓపిక ఉన్నవాళ్ళకే కార్బన్‌ది. నాకు ఆ ఓపిక శనివారం ఉంటుంది, ఆదివారం రాత్రి బస్సు టైముకు ఉండదు.

అందుకే రెండోది స్టెయిన్‌లెస్ తీసుకున్నాను. స్వీడన్ ఉక్కు, 12సి27 రకం. పదును కార్బన్‌దంత చిటికెలో రాదు, రాయి మీద మరో పది రాపిళ్ళు కావాలి. నిలవడం మాత్రం నాకు ఇంచుమించు ఒకేలా అనిపించింది. మామిడికాయ కోసి తుడవకుండా మడిచేసినా ఏమీ కాలేదు. కోస్తాలో ఉండేవాళ్ళు ఆలోచించకుండా స్టెయిన్‌లెస్ తీసుకోవచ్చు. తెలంగాణ వైపు పొడి గాలికి కార్బన్‌ది ఇంతగా ఏడిపించదేమో గానీ మామిడికాయకు ఊరు భేదం లేదు.

రెండింటికీ ఉన్న జబ్బు పిడి. బ్లేడు తిరిగే ఇరుసు నేరుగా కర్రలోంచే పోతుంది. బీచ్ కర్ర తేమ పీలుస్తుంది, పీలిస్తే ఉబ్బుతుంది, గాడి గోడలు రెండూ దగ్గరకొచ్చి బ్లేడును పట్టేసుకుంటాయి. మొదటి జూలైలో తోటలో తడిసి ఇంటికొచ్చి తెరవబోతే రాదు. గోరు పెట్టే గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే గోరు విరిగింది, కత్తి కదల్లేదు. పట్టకారుతో పట్టి లాగితే వచ్చింది గానీ బ్లేడు మీద గీతలు పడ్డాయి. దీనికి ఆ సవోయ్ రైతులదే ఒక చిట్కా ఉందని తర్వాత తెలిసింది. రింగు బిగించి ఉంటే తిప్పి వదులు చేసి, పిడి వెనక కొసను గట్టు మీద టక్‌మని కొడితే బ్లేడు కొస కొంచెం పైకి లేస్తుంది, అక్కడ పట్టుకుని తెరవాలి. పనిచేస్తుంది. వానాకాలమంతా కత్తిని గట్టు మీద కొట్టుకుంటూ కూర్చోవాలా అంటే అది వేరే సంగతి.

కొబ్బరినూనె పట్టిస్తే తేమ రాదని ఎవరో అంటే అదీ చేశాను. డిసెంబరులో లంబసింగి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున టీ దగ్గర రొట్టె కోద్దామని తీస్తే ఇరుసులో నూనె గడ్డకట్టి కూర్చుంది. కొబ్బరినూనె మన ఇంట్లోనే చలికాలం పేరుకుంటుంది, లంబసింగి చలికి అడగాలా! పైగా మెత్తగా ఉన్నప్పుడు దుమ్మంతా దానికే అంటుకుంటుంది. చివరికి కుదిరింది అవిసె నూనె. అది గాలికి ఆరి కర్రలోనే గట్టిపడుతుంది, జిడ్డుగా మిగలదు. కత్తి తెరిచి రెండు రోజులు ఎండలో ఆరబెట్టాను. సన్న ఉప్పు కాగితం మడిచి గాడి లోపలి గోడల్ని కాస్త అరగదీశాను. ఆ తర్వాత గాడిలోకి, పిడి మీద నూనె పట్టించి, మిగిలింది తుడిచి, మూడు రోజులు ఆరనిచ్చి మళ్ళీ. అలా మూడు పూతలు. ఇరుసుకు మాత్రం కుట్టుమిషను నూనె ఒక చుక్క. ఈ సేవ అయ్యాక వానలో బిగుస్తుంది గానీ గోటికి వస్తోంది. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడెయ్యకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతటదే అంటుకోగలదు. విడదీసి పరిచి ఆరేయండి.

రింగు గురించి. ఈ మెడ రింగును 1955లో చేర్చారు. తిప్పితే తెరిచిన బ్లేడు మడవకుండా ఆపుతుంది. ఇప్పుడు వచ్చేవాటిలో మూసినప్పుడు కూడా తిప్పి బిగించవచ్చు, జేబులో తెరుచుకోదు. స్ప్రింగు లేదు, చిన్న స్క్రూ లేదు, ఆరేళ్ళలో పాడైంది లేదు. మట్టి చేరి గరగరలాడితే నీళ్ళ కింద పెట్టి తిప్పితే సరిపోతుంది. కాకపోతే దానంతటది పడే లాక్ కాదు, మనం గుర్తుపెట్టుకు తిప్పాలి. నేను ఒకసారి తిప్పలేదు. ఎరువు బస్తాకు రంధ్రం చేద్దామని మొనతో పొడిచాను, బస్తా గట్టిగా ఉంది, బ్లేడు వెనక్కి మడుచుకుని చూపుడువేలి మీద పడింది. మూడు కుట్లు. తప్పు కత్తిది అనలేను. కానీ ఈ కత్తి కొనేవాళ్ళు తెరవగానే రింగు తిప్పడం చేతికి అలవాటు చేసుకోవాలి, లాక్ అవసరమా కాదా అని ఆలోచించే పని పెట్టుకోకూడదు. ఒంటిచేత్తో తెరిచే కత్తి కూడా కాదిది. చెట్టెక్కి ఒక చేత్తో కొమ్మ పట్టుకున్నప్పుడు ఇది జేబులో ఉన్నా లేనట్టే.

పదును విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. సైకిలు మీద సాన పట్టే అతను వీధిలోకి వస్తే కార్బన్ కత్తి ఇచ్చాను. వంటింటి కత్తుల్లాగే చక్రానికి ఆనించి గట్టిగా నొక్కాడు, నిప్పురవ్వలు లేచాయి. చేతికొచ్చేసరికి మొన దగ్గర అంగుళం మేర నీలం రంగు. ఉక్కు దాదాపు మూడొందల డిగ్రీలకు వేడెక్కితే వచ్చే రంగది. అంటే అక్కడ గట్టిదనం దిగిపోయిందన్నమాట. పల్చటి బ్లేడుకు వేడి పోయే దారి ఉండదు. ఇప్పటికీ ఆ అంగుళం మిగతా బ్లేడు కంటే ముందు మొద్దుబారుతుంది. తర్వాత వెయ్యి నంబరు గరుకు ఉన్న సానరాయి కొని నేనే పదును పట్టుకుంటున్నాను. రాయి తడిపి, బ్లేడు వెన్ను కింద మూడు రూపాయి బిళ్ళలు పేర్చినంత ఎత్తు ఉంచి, అటూ ఇటూ సమంగా రుద్దాలి. చివర్లో పాత తోలు బెల్టు గరుకు వైపు మీద బ్లేడును వెనక్కి వెనక్కి లాగాలి. పండిన టమాటా మీద పెడితే కత్తి బరువుకే తొక్క దిగితే చాలు. నాకు పది నిమిషాలు పడుతుంది, నెలకోసారి.

మొనతో ఎత్తే పని, తిప్పే పని పెట్టుకోకండి. మా ఊళ్ళ వైపు బెల్లం దిమ్మలంటే తెలుసుగా, దాంట్లో మొన గుచ్చి మెలితిప్పాను. బెల్లం పగల్లేదు, మొన ఒక మిల్లీమీటరు విరిగింది. రాయి మీద వెన్ను వైపు నుంచి అరగదీసి మళ్ళీ మొన తెచ్చాను, పూర్వపు అందం రాలేదు.

సైజు దగ్గర తడబడేవాళ్ళకి: నంబర్ 8 బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అరచేయి పెద్దదైతే 9 చూడండి, బ్లేడు పెరగడం కన్నా పిడి లావవడం పనికొస్తుంది. 6 కంటే చిన్న నంబర్లకు రింగు ఉండదు, తోట పనికి అవి వద్దు. ప్లాస్టిక్ పిడితో ఈల కూడా పెట్టి ఒక రకం చేస్తారు, దానికి ఉబ్బే గొడవ లేదు. దుకాణంలో చేత్తో పట్టి చూశాను గానీ బ్లేడులో కొంత మేర రంపంలా ఉంటే నాకు నచ్చక, ధర కూడా ఎక్కువై వదిలేశాను. వానలో పడవ మీద తిరిగేవాళ్ళయితే నా మాట పక్కనపెట్టి అదే కొనుక్కోవచ్చు.

పోలీసులు పట్టుకుంటారా అని ఆఫీసులో ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు లెక్కకొచ్చే కత్తి 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉండాలి, ఇంటిపనికీ వ్యవసాయానికీ వాడేవి అందులోంచి మినహాయింపు. ఇది మూడున్నర అంగుళాలు కూడా లేదు. అయినా విమానంలో చేతి సంచిలో పెడితే తీసేసుకుంటారు, మెట్రోలో స్కానరు దగ్గర ఆపేస్తారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు నేను ఇంట్లో వదిలేసే పోతాను.

ఇప్పుడు స్టెయిన్‌లెస్‌ది తోటకు వస్తోంది. సానరాయి మీద అరిగి అరిగి బ్లేడు వెడల్పు కొత్తదాని కంటే రెండు మిల్లీమీటర్లు తగ్గింది. రింగు ఒకసారి వదులైతే పట్టకారుతో కాస్త నొక్కాను, మళ్ళీ బిగువుగానే తిరుగుతోంది. తాత అభిప్రాయం పెద్దగా మారలేదు, ఆయన నా కత్తి అడిగేది చుట్ట కొస కోసుకోడానికే. కార్బన్‌ది వంటింట్లో పొయ్యి పక్కన ఉంటోంది. అమ్మ ఉల్లిపాయలకి అదే తీస్తుంది, మామిడికాయ వస్తే మాత్రం కత్తిపీట వేసుకు కూర్చుంటుంది.